నికాన్ డి700 లేదా డి750: రాత్రి పెళ్ళిళ్ళకి, కూచిపూడి స్టేజీకి ఏది తీసుకోవాలి?

తొలివెలుగు

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ కావాలి. చూస్తున్నవి రెండు: నికాన్ డి700 (2008), నికాన్ డి750 (2014). ఉన్న లెన్సులు 50 ఎఫ్/1.8డి, 80-200 ఎఫ్/2.8డి, 24-120 ఎఫ్/4 వీఆర్ (చేతి వణుకుని సరిచేసేది). పని ఎక్కువగా రాత్రి ముహూర్తాల పెళ్ళిళ్ళు, కూచిపూడి రంగప్రవేశాలు. అప్పుడప్పుడు పగటి ఎండలో పోర్ట్రెయిట్లు. ఆల్బమ్ షీట్లు 12×36 అంగుళాలు. డి700 తీసుకుంటే మిగిలే డబ్బుకి 85 ఎఫ్/1.8జి కూడా వస్తుంది, డి750 అయితే బాడీ ఒక్కటే. 12 మెగాపిక్సెళ్ళు, 24 మెగాపిక్సెళ్ళు అన్నది తెలిసిందే. ఈ ఆరేళ్ళ తేడా పనిలో ఎక్కడ తగులుతుందో చెప్పండి.

నలుపుతెలుపు

చాలామంది అనుకునే చోట తేడా లేదండి, అనుకోని చోట ఉంది.

చీకట్లో నాయిస్ సంగతి ముందు. సెన్సర్లని పరీక్షించే డీఎక్స్ఓమార్క్ కొలతల్లో హై ఐఎస్ఓ (చీకట్లో పెంచుకునే సున్నితత్వం) స్కోరు డి700కి 2303, డి750కి 2956. అంటే స్టాపులో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. రెండు ఫొటోల్నీ ఒకే సైజులో ప్రింట్ తీస్తే ఐఎస్ఓ 3200 దగ్గర పక్కపక్కన పెట్టి వెతకాల్సిందే. స్క్రీన్ మీద 100 శాతం జూమ్‌లో డి750 ఫైలే ఎక్కువ గరుకుగా కనపడుతుంది. పిక్సెల్ సైజు డి700లో 8.45 మైక్రాన్లు, డి750లో దాదాపు 6 మైక్రాన్లు కాబట్టి ఆ పోలిక సరైంది కాదు.

అసలు తేడా బేస్ ఐఎస్ఓలో (కెమెరా మామూలుగా ఇచ్చే కనిష్ఠ ఐఎస్ఓలో) నీడల్లో ఉంది. డైనమిక్ రేంజ్ (ఒకే ఫొటోలో పట్టగల వెలుగు-నీడల పరిధి) డి700కి 12.2 స్టాపులు, డి750కి 14.5. రెండు స్టాపులకు పైనే. డి700లో సెన్సర్ నుంచి అనలాగ్ సిగ్నల్ బయటికి వచ్చాక వేరే చిప్పులో డిజిటల్‌గా మారుతుంది. ఆ దారిలో కలిసే నాయిస్ నీడల్లో పేరుకుంటుంది. తెల్ల చొక్కా కాలిపోకుండా తక్కువ ఎక్స్‌పోజర్‌లో తీసి, ఇంటికొచ్చి ముఖాన్ని మూడు స్టాపులు లేపితే డి700లో మచ్చలు, చారలు బయటపడతాయి. అదే పని డి750 ఫైలు తట్టుకుంటుంది.

అందుకని రెండిటితో తీసే పద్ధతే వేరు. డి700లో ఐఎస్ఓని కెమెరాలోనే పెంచి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) కుడివైపుకి వచ్చేలా తీయాలి. డి750లో ఐఎస్ఓ 800కి ఆపేసి, వెలుగులు కాపాడుకుని, మిగతాది రా ఫైల్లో (సెన్సర్ ఇచ్చిన ముడి ఫైల్లో) పెంచుకున్నా ఫలితం దాదాపు ఒకటే.

ఓరుగల్లు_లెన్స్

పైన అన్న లెక్కనే తీసుకోండి. సెన్సర్ మార్చితే వచ్చేది మూడో వంతు స్టాపు. 80-200 తీసి 85 ఎఫ్/1.8 పెడితే వచ్చేది ఒకటీ మూడో వంతు స్టాపు. రాత్రి పెళ్ళికి ఏది ఎక్కువ పనికొస్తుందో మీరే చూడండి. నా ఓటు డి700కీ 85కీ.

ఇక చేతిలో పట్టు. డి700 బాడీ మొత్తం మెగ్నీషియం. బొటనవేలితో ఆటో ఫోకస్ (ఏఎఫ్) చేయించే ఏఎఫ్-ఆన్ బటన్ విడిగా ఉంది. మీటరింగ్ (వెలుగు కొలిచే పద్ధతి), ఏఎఫ్ ఏరియా, ఏఎఫ్ మోడ్ మూడింటికీ వేరువేరు మీటలు, కంటి నుంచి కెమెరా దించకుండా మార్చుకోవచ్చు. గుండ్రటి ఐపీస్, దానికి లోపలే మూత. పది పిన్నుల రిమోట్ సాకెట్, స్టూడియో ఫ్లాష్ వైరుకి పీసీ సింక్ సాకెట్ ఉన్నాయి. డి750లో ఇవేవీ లేవు. ఎంబీ-డి10 గ్రిప్పులో ఎనిమిది డబుల్-ఏ సెల్స్ వేస్తే 5 ఫ్రేముల వేగం 8కి పోతది. షట్టర్ 1/8000 దాకా, ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల అత్యధిక షట్టర్ వేగం) 1/250. డి750 1/4000 దగ్గరే ఆగిపోతది, సింక్ 1/200.

బరువు మాత్రం ఒప్పుకోవాలె. బ్యాటరీ లేకుండా డి700 995 గ్రాములు, డి750 750 గ్రాములు. 80-200 తగిలించి ఆరుగంటలు నిలబడితే ఆ పావుకిలో తెలుస్తది.

విశాఖ_ఫ్లాష్

1/8000 గురించి ఒక్క మాట. ఎండలో వైడ్ ఓపెన్‌గా తీయడానికే కదా అది. డి700 బేస్ ఐఎస్ఓ 200, డి750ది 100. మిట్ట మధ్యాహ్నం లెక్క వేద్దాం: డి700లో ఐఎస్ఓ 200, 1/8000 పెడితే అపర్చర్ సుమారు ఎఫ్/2.5. డి750లో ఐఎస్ఓ 100, 1/4000 పెడితే అదీ ఎఫ్/2.5 దగ్గరే. రెండూ సమానం. డి700లో లో-1 (బేస్ కంటే ఒక స్టాపు కింది సెట్టింగు) పెట్టి ఐఎస్ఓ 100 అనిపించవచ్చు గానీ అప్పుడు వెలుగుల వైపు ఒక స్టాపు పోతుంది, తెల్ల పంచె మీద మడతలు మాయమవుతాయి. 85ని ఎఫ్/1.8లో ఎండలో వాడాలంటే రెండు బాడీలకీ వెలుగు తగ్గించే మూడు స్టాపుల ఎన్డీ ఫిల్టర్ కొనుక్కోవడమే మేలు. దాని ఫిల్టర్ సైజు 67 ఎంఎం.

సింక్ విషయంలో మాత్రం డి700ది నిజంగానే పైచేయి. ఎండని ఫ్లాష్‌తో ఎదుర్కొనేటప్పుడు లెక్కలోకి వచ్చేది షట్టర్ వేగమే. 1/250కీ 1/200కీ మధ్య మూడో వంతు స్టాపు ఫ్లాష్ పవర్ మిగులుతుంది. చిన్న ఫ్లాష్‌తో ఇద్దరిని నిలబెట్టి తీసేటప్పుడు అది తెలుస్తుంది, స్టూడియో లైటుతో తెలియదు. పాపప్ ఫ్లాష్‌ని కమాండర్‌గా పెట్టి వైర్లు లేకుండా బయటి ఫ్లాష్‌లని రెండు గ్రూపులుగా నడపడం రెండిట్లోనూ కుదురుతుంది.

తొలివెలుగు

ఎండ సంగతి తేలిపోయింది, థాంక్స్. స్టేజీ గురించి ఎవరైనా చెప్పండి. వెనక ఎల్ఈడీ గోడ, పైన నీలం, మెజెంటా లైట్లు. నర్తకి ముఖం ఒక్క క్షణం వెలుగులో, మరుక్షణం నీడలో.

కృష్ణాతీరం

స్టేజీకి డి750, సందేహం అక్కర్లేదు. కారణాలు వరసగా కాదు, ముఖ్యమైనది ముందు చెబుతాను.

డి750లో హైలైట్-వెయిటెడ్ మీటరింగ్ ఉంది. స్పాట్‌లైట్ కింద ఉన్న ముఖం కాలిపోకుండా మీటరే చూసుకుంటుంది. మిగతా స్టేజీ చీకటైనా నీడలు లేపుకోవచ్చు, ఆ సంగతి నలుపుతెలుపు గారు పైన చెప్పారు. డి700లో ఆ మోడ్ లేదు. మాట్రిక్స్‌లో (ఫ్రేమంతా కలిపి కొలిచే పద్ధతిలో) నల్ల తెర చూసి మీటరు మోసపోతుంది, ముఖం తెల్లగా పోతుంది. అందుకని డి700తో స్టేజీ అంటే మాన్యువల్ ఎక్స్‌పోజరే: ఎఫ్/2.8, 1/320, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టి లైటింగ్ మారినప్పుడల్లా ఐఎస్ఓ డయల్ తిప్పుకోవాలి. జతికి పాదాలు ఆడేటప్పుడు 1/320 కూడా చాలదు, 1/500 కావాలి. అభినయం దగ్గర 1/160 సరిపోతుంది.

నీలం, మెజెంటా ఎల్ఈడీల కింద మామూలు హిస్టోగ్రామ్‌ని నమ్మకండి. మొత్తం వెలుగు సరిగ్గా ఉన్నట్టు చూపిస్తూనే నీలం చానల్ ఒక్కటి నిండిపోతుంది, చీర మీద జరీ అంతా ఒకే ముద్దగా వస్తుంది. ప్లేబ్యాక్‌లో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసుకుని మూడు చానళ్ళూ చూడండి. రెండు కెమెరాల్లోనూ ఉంది.

ఎల్ఈడీ గోడ మీద చారలు వస్తే అది కెమెరా తప్పు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు తగ్గుతాయి. ఎల్ఈడీ గోడల మిణుకు వేరే లెక్కలో ఉంటుంది. కార్యక్రమం మొదలయ్యే ముందే గోడ వెలిగించమని అడిగి 1/100 నుంచి 1/500 దాకా వరసగా తీసి చూసుకోండి. స్టిల్స్‌కి ఫ్లికర్ తగ్గించే సదుపాయం ఈ రెండిట్లోనూ లేదు.

ఫోకస్: రెండిట్లోనూ 51 పాయింట్లే, మధ్యలోని 15 క్రాస్ టైపు (అడ్డ, నిలువు గీతలు రెండూ పట్టేవి). కాకపోతే డి700 మాడ్యూల్ మైనస్ 1 ఈవీ (వెలుగు కొలత, తగ్గేకొద్దీ చీకటి) దాకా పనిచేస్తే డి750ది మైనస్ 3 దాకా. దీపం వెలుగు సన్నివేశంలో డి700 ముందుకీ వెనక్కీ వెతుకుతుంది, డి750 పట్టుకుంటుంది. డి750లో గ్రూప్ ఏరియా మోడ్ అని ఐదు పాయింట్లు కలిపి వాడేది ఒకటుంది. పెళ్ళిలో నడిచొచ్చే జంటకి బాగుంటుంది. నాట్యానికి వాడొద్దు. ఐదింట్లో దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది కనుక ముఖం వదిలేసి ముందుకు చాచిన చేతి ముద్ర మీద ఫోకస్ పడుతుంది. సింగిల్ పాయింటో, 9 పాయింట్ల డైనమిక్కో పెట్టి కంటి మీద ఉంచండి.

సభలో నట్టువాంగం ఆగిన నిశ్శబ్దంలో షట్టర్ చప్పుడు వినపడకూడదు. డి750లో క్వైట్ కంటిన్యువస్ మోడ్ సెకనుకు 3 ఫ్రేములు ఇస్తుంది. డి700లో అలాంటిది లేదు.

ఓరుగల్లు_లెన్స్

స్టేజీకి డి750 అన్నది ఒప్పుకుంటున్న. హైలైట్ మీటరింగ్ మాట నిజమే. పెళ్ళికి మాత్రం నా మాట మీదనే ఉంట. మండపంలో వీడియో వాళ్ళ లైట్లు ఎట్లాగూ ఉంటయ్, ఫోకస్‌కి చీకటి సమస్య రాదు.

నలుపుతెలుపు

పెళ్ళికే డి750 ఎక్కువ అవసరం అంటాను, ఫోకస్ కోసం కాదు, కార్డుల కోసం.

డి700కి ఒకే సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డు స్లాట్. ఆ కార్డు పోతే జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ మళ్ళీ జరగవు. డి750లో రెండు ఎస్‌డీ స్లాట్లు. రెండోదాన్ని బ్యాకప్‌గా పెట్టండి, లేదా మొదటిదాంట్లో రా, రెండోదాంట్లో జేపెగ్. డబ్బు తీసుకుని ఒకరి పెళ్ళి తీసేవాళ్ళకి ఇది సౌకర్యం కాదు, బాధ్యత. సీఎఫ్‌తో ఇంకో చిక్కు: కార్డు వంకరగా తోస్తే లోపలి పిన్నులు వంగుతాయి. అలసిపోయిన చేతులతో తెల్లవారుజామున మూడింటికి కార్డు మార్చేటప్పుడే అది జరుగుతుంది. డి700 తీసుకునేవాళ్ళు 16 జీబీ కార్డులు నాలుగు పెట్టుకుని, కన్యాదానం ముందు ఒకటి, తలంబ్రాల ముందు ఒకటి అని ఘట్టాల మధ్య నిదానంగా మార్చుకోవాలి.

తలంబ్రాలకి బఫర్ (కార్డులోకి రాసేలోపు ఫ్రేములు ఆగే మెమరీ) కూడా చూసుకోండి. డి750 సెకనుకు 6.5 ఫ్రేములు తీస్తుంది కానీ 14-బిట్ లాస్‌లెస్ రాలో సుమారు 15 ఫ్రేములకే నిండుతుంది. రెండున్నర సెకన్లు కూడా రాదు. 12-బిట్‌కి మార్చితే 25 దాకా వస్తాయి, ఆ వెలుగులో నాణ్యతలో తేడా కనపడదు. డి700 5 ఫ్రేముల వేగంతో నాలుగు సెకన్లు లాగుతుంది. ఏదైనా సరే, బటన్ నొక్కి పట్టుకోకుండా మూడేసి ఫ్రేముల చొప్పున తీయడం మంచి అలవాటు.

12×36 షీటు లెక్క ఇది. డి700 ఫ్రేము 4256×2832, డి750ది 6016×4016. సగం షీటుకి, అంటే 18 అంగుళాల వెడల్పుకి, డి700 నుంచి 236 డీపీఐ (అంగుళానికి చుక్కలు) వస్తుంది. చక్కగా సరిపోతుంది. ఒకే ఫొటోని 36 అంగుళాలకి పరిస్తే డి700ది 118, డి750ది 167. ఆల్బమ్‌ని ఒళ్ళో పెట్టుకుని చూస్తారు కనుక 118లో కనురెప్పలు మెత్తబడి కనపడతాయి. పైగా ల్యాబ్‌కి పంపే ముందు క్రాప్ చేయడం ఎవరూ మానరు. డి700తో పూర్తి షీటు ఫొటో కావాలంటే తీసేటప్పుడే ఫ్రేము నిండుగా తీయాలి. వ్యూఫైండర్ 95 శాతమే చూపిస్తుంది కాబట్టి అంచుల్లో కుర్చీ కాళ్ళూ వైర్లూ వచ్చిపడతాయి. డి750ది 100 శాతం.

నిల్వ: 3000 ఫ్రేములకి డి700 రా ఫైళ్ళు సుమారు 42 జీబీ, డి750వి 84 జీబీ దాకా. రెండు హార్డ్ డిస్కుల మీద పెడతారు కనుక దానికి రెట్టింపు. పాత కంప్యూటర్ ఉంటే అదీ ఖర్చులో వేసుకోండి. లైట్‌రూమ్ 5.7కి ముందు వెర్షన్లు డి750 రా ఫైళ్ళని తెరవవు.

వీడియో అడిగితే చెప్పేదేం లేదు: డి700లో అసలు లేదు, డి750లో 1080 రిజల్యూషన్ 60 ఫ్రేముల దాకా ఉంది.

తొలివెలుగు

కార్డుల మాటతో చాలావరకు డి750 వైపు వచ్చేశాను. 85 తర్వాత చూసుకుంటాను. ఇక కొనేటప్పుడు ఏమేం పరీక్షించాలి? డి750కి షట్టర్ లోపం ఉందని విన్నాను.

షట్టర్_మెకానిక్

డి750 మీద రెండు ప్రకటనలు వచ్చాయి, రెండూ వేరువేరు.

ఒకటి ఫ్లేర్ (గట్టి వెలుగు లోపల చెదిరి వచ్చే మసక). ఫ్రేముకి పైన కాస్త బయట గట్టి వెలుగుంటే, ఫొటో పై భాగంలో వచ్చే ఫ్లేర్ అంచు గీత గీసినట్టు తెగి, నల్ల పట్టీలా కనపడేది. 2015 మొదట్లో సరిచేయడం మొదలైంది. సరిచేసిన బాడీకి ట్రైపాడ్ సాకెట్ లోపల నల్ల చుక్క ఉంటుంది. టార్చితో చూడండి.

రెండోది షట్టర్. బ్లేడు సరిగా కదలక ఫొటోలో కొంత భాగం చీకటిగా వస్తుంది. 2015 జులైలో మొదటి ప్రకటన, 2016లో, 2017లో పరిధి పెంచారు. సీరియల్ నంబర్ పట్టుకుని నికాన్ సైటులో వెతకండి. ఆ పరిధిలో ఉంటే, షట్టర్ మార్చిన సర్వీసు కాగితం అమ్మేవాళ్ళని అడగండి. కాగితం లేకపోతే ఇలా పరీక్షించండి: మాన్యువల్ మోడ్, 1/4000, తెల్లగోడ, వెలుగు బాగా ఉన్నచోట. కంటిన్యువస్‌లో ఒక 60 ఫ్రేములు తీసి ఒక్కొక్కటీ పై అంచు, కింది అంచు చూడండి. ఒక్కదాంట్లో నీడ పట్టీ కనపడినా ఆ బాడీ వదిలేయండి. 1/1000లో బాగుంది అంటే కుదరదు, లోపం వేగం పెరిగినప్పుడే బయటపడుతుంది.

ఇక రెండు మోడళ్ళకీ చూడాల్సినవి. షట్టర్ కౌంట్: కొత్తగా తీసిన ఒరిజినల్ ఫైలుని, ఫొటో ఫైల్లోని వివరాలు చూపే ఎగ్జిఫ్‌టూల్ ప్రోగ్రాములో తెరిస్తే వస్తుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో రాదు. రెండు షట్టర్లూ 1,50,000 దాకా పరీక్షించినవే. అది దాటితే వెంటనే పోతుందని కాదు, బేరానికి ఆధారం మాత్రం దొరుకుతుంది. డి700కి పోయిన షట్టర్ మార్చాలంటే విడిభాగం దొరుకుతుందో లేదో ముందే సర్వీసు వాళ్ళని అడిగి ఆ తర్వాతే కొనండి.

బ్యాటరీ: సెటప్ మెనూలో బ్యాటరీ ఇన్ఫోలో వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తుంది, 4 అంటే అయిపోయింది. డి700ది ఈఎన్-ఈఎల్3ఈ, పాత రకం. డి750ది ఈఎన్-ఈఎల్15, ఆ కుటుంబంలో తర్వాత వచ్చిన 15బి, 15సి కూడా ఇందులో పనిచేస్తాయి. ఎక్కువకాలం నడవడానికి ఇదొక కారణం.

సెన్సర్: ఎఫ్/22, బేస్ ఐఎస్ఓ, ఫోకస్ మాన్యువల్‌లో బాగా తప్పించి తెల్లటి ఆకాశాన్ని తీయండి. దుమ్మైతే అంచులు మసకగా ఉన్న మచ్చ, తుడిస్తే పోతుంది. సన్నటి దారంలా కొమ్మలు వేసి ఉంటే ఫంగస్ కావచ్చు. సముద్రతీరం ఊళ్ళ నుంచి వచ్చిన కెమెరా అయితే ఇది తప్పక చూడండి. వేడి పిక్సెళ్ళకి మూత పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేసి.

మీ 50డి, 80-200డి రెండూ బాడీలోని మోటారుతో తిరిగేవి. కాబట్టి లెన్సు పట్టుకెళ్ళి దగ్గర నుంచి దూరానికి పదిసార్లు ఫోకస్ చేయించండి. మధ్యలో ఆగినా, కరకరమన్నా మౌంటు దగ్గరి స్క్రూ అరిగి ఉంటుంది.

గోదారి_క్లిక్స్

డి700 వాడేవాళ్ళ తరఫున ఒక ప్రశ్న. ముందు గ్రిప్పు రబ్బరు ఉబ్బి ఊడొస్తోంది. ఫెవిక్విక్‌తో అంటించవచ్చా?

షట్టర్_మెకానిక్

ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి గడ్డకట్టి దగ్గర్లో ఉన్న గాజు మీద తెల్లపొర కడుతుంది, రబ్బరు కూడా గట్టిపడి అంచులు లేస్తాయి. చెమట, నూనె, దోమల మందు తగిలి ఉబ్బిన రబ్బరు సాగి ఉంటుంది కనుక పాతది మళ్ళీ అంటించినా సైజు సరిపోదు. కొత్త రబ్బరు ముక్క కొనండి, వెనక టేపు అంటించే వస్తుంది.

బ్యాటరీ, కార్డు తీసేయండి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, చెయ్యి కాలనంత దూరం నుంచి, అర నిమిషం. ప్లాస్టిక్ పుల్లతో అంచు నుంచి లేపండి, ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే పెయింట్ పోతుంది. మిగిలిన జిగురుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. సీసా నుంచి నేరుగా పోయొద్దు, రబ్బరు కింద స్క్రూ రంధ్రాలుంటాయి. పూర్తిగా ఆరాక కొత్తది మూలల దగ్గర ముందు కుదిర్చి, లోపలి నుంచి బయటికి నొక్కుతూ అంటించి, బట్ట చుట్టి ఒక రాత్రి వదిలేయండి.

విశాఖ_ఫ్లాష్

తొలివెలుగు గారూ, డి750 వచ్చాక మొదటి పని ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఒక్కో లెన్సుకీ ఫోకస్‌ని కాస్త ముందుకో వెనక్కో సరిచేసే సెట్టింగు). 12 మెగాపిక్సెళ్ళలో దాగిపోయే ఫోకస్ తేడా 24లో కనపడుతుంది, ముఖ్యంగా 80-200 లాంటి పాత డి లెన్సులతో.

ట్రైపాడ్ మీద పెట్టి, గళ్ళున్న కాగితాన్ని లెన్సు ఫోకల్ లెంగ్తుకి 40 రెట్ల దూరంలో ఉంచండి: 50కి 2 మీటర్లు, 200కి 8 మీటర్లు. అపర్చర్ పూర్తిగా తెరిచి, మధ్య పాయింటుతో వ్యూఫైండర్ నుంచి ఒకటి, లైవ్ వ్యూలో ఫోకస్ చేసి ఒకటి తీయండి. లైవ్ వ్యూది పదునుగా ఉండి వ్యూఫైండర్‌ది మెత్తగా ఉంటే ప్లస్ 5, మైనస్ 5 రెండూ ప్రయత్నించి మెరుగైన వైపు పోండి. ప్రతిసారీ ఫోకస్‌ని కావాలని చెడగొట్టి మళ్ళీ పట్టించండి. జూమ్‌కి ఒకే విలువ దాచుకుంటుంది, కాబట్టి 80-200ని మీరు ఎక్కువగా వాడే చోట, స్టేజీకైతే 200 దగ్గరే సరిచేయండి.

షట్టర్ వేగం అలవాటు కూడా మార్చుకోవాలి. వీఆర్ లేని 85కి డి700లో 1/100 చాలనిపిస్తే, డి750లో 1/160 కంటే తగ్గకండి. ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్‌ని ఆటో అని పెడితే లెన్సుని బట్టి అదే మార్చుకుంటుంది. అందులోనే ఒక మెట్టు వేగం వైపు జరపండి. డి700లో ఆ వేగాన్ని మనమే ఒక అంకెగా పెట్టాలి.

కృష్ణాతీరం

ఒకటి చేర్చాలి. డి750 డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే యు1, యు2 ఉన్నాయి. యు1లో స్టేజీ: మాన్యువల్, 1/320, ఎఫ్/2.8, ఆటో ఐఎస్ఓ, హైలైట్ మీటరింగ్. క్వైట్ కంటిన్యువస్ మాత్రం అందులో దాగదు, దాని డయల్‌తో విడిగా పెట్టుకోవాలి. యు2లో మండపం: ఫ్లాష్‌కి తగ్గట్టు 1/160, ఎఫ్/4, మాట్రిక్స్. డి700లో మెనూ బ్యాంకులు ఉన్నా షట్టర్, అపర్చర్, మోడ్ వాటిలో దాగవు, మధ్యలో ఏది మార్చినా బ్యాంకే మారిపోతుంది. ఏఎఫ్-ఆన్ లేదన్న లోటుకి, కస్టమ్ సెట్టింగ్స్‌లో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కి ఏఎఫ్-ఆన్ కేటాయిస్తే బొటనవేలికి అదే పని దొరుకుతుంది.

ఓరుగల్లు_లెన్స్

ముందు ముందు లెన్సులు కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండ్రి. ఏఎఫ్-పీ రకం (స్టెప్పర్ మోటారుతో ఫోకస్ అయ్యే) లెన్సులు డి700 మీద ఫోకస్ కావు. డి750 మీద అయితయ్, కానీ మీటరు నిద్రపోయి లేస్తే ఫోకస్ జరిగి ఉండొచ్చు, మళ్ళా సగం నొక్కి పట్టించుకోవాలె. మీరనుకున్న 85 ఎఫ్/1.8జి ఏఎఫ్-ఎస్ (మోటారు లెన్సులోనే ఉన్న రకం) కాబట్టి రెండిట్లోనూ ఇబ్బంది లేదు.

తొలివెలుగు

డి750కే వెళ్తున్నాను. సీరియల్ నంబర్, నల్ల చుక్క, 1/4000 దగ్గర తెల్లగోడ, ఆ మూడూ చూశాకే డబ్బు ఇస్తాను. రంగప్రవేశానికి ముందు ఎల్ఈడీ గోడ మీద తీసిన ఫ్రేములు ఇక్కడే పెడతాను, ఏ వేగంలో చారలు పోయాయో చూద్దురుగాని.